చందా పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

శనివారం సాయంత్రం బెంగళూరు మెజెస్టిక్‌లో బాగేపల్లి, కదిరి, హిందూపురం బస్సుల దగ్గర నిలబడితే చెవిన పడేదంతా తెలుగే. సెంట్రింగ్ పనివాళ్లు, తాపీ మేస్త్రీలు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్లు, వాళ్ల పక్కనే వీపున ల్యాప్‌టాప్ సంచులతో సాఫ్ట్‌వేర్ పిల్లలు. ఆ పిల్లల్లో కొందరికి ఊళ్లలో మార్పు తేవాలని గట్టిగా ఉంది. ఉండడమే కాదు, పోతున్నారు కూడా. చింతామణి పక్కనో గోరంట్ల పక్కనో ఒక ఊళ్లో ఆదివారం షామియానా వేయించి, మైకు పెట్టి, రాజ్యాంగం గురించి, కులం గురించి, ఆడపిల్లల చదువు గురించి మంచి మాటలు చెప్పి రాత్రి బస్సుకు తిరిగొస్తున్నారు. చెప్పే మాటల్లో తప్పేమీ లేదు. కానీ సోమవారం పొద్దున లేచాక ఆ ఊళ్లో ఎవరికీ ఫలానా పని చేయాలి అన్నది ఉండదు. ఆరు నెలలు గడిస్తే షామియానా అద్దె ఎంతైందో తప్ప ఎవరికీ ఏమీ గుర్తుండదు.

ఊరి ఉద్యమం ఊరి చందా మీద నిలవాలి. ఆ చందాకు రసీదు ఉండాలి, రసీదు పుస్తకం ఊరివాళ్ల చేతిలో, అందులోనూ ఆ ఊళ్లో అందరికంటే చిన్నచూపు పడ్డవాళ్ల చేతిలో ఉండాలి. బెంగళూరులో ఉన్న మనం ఆ ఊళ్లకు గుమాస్తాలుగా పనికొస్తాం. నాయకులుగా పోతే చెడగొడతాం.

పల్లె జనం గుడి, కులం, పెద్దరికం దాటి రారు, అక్కడ అభ్యుదయ రాజకీయం మొలవదు అనేవాళ్లు ఒకసారి అమెరికాలోని నార్త్ డకోటా వైపు చూడాలి. గోధుమ మీద బతికే రాష్ట్రం. చర్చి తప్పని రైతులు. ఎన్నికల్లో ఎక్కువగా రిపబ్లికన్ పార్టీదే గెలుపు. అవిసె పంట వేసి, ధర పడిపోయి, నిండా అప్పుల్లో మునిగిన ఆర్థర్ టౌన్లీ అనే రైతు 1915లో అక్కడ నాన్‌పార్టిజన్ లీగ్ అనే రైతుల సంఘం మొదలుపెట్టాడు. 1916లోనే ఆ లీగ్ నిలబెట్టిన లిన్ ఫ్రేజియర్ అనే రైతు గవర్నరయ్యాడు. 1919లో రాష్ట్ర ప్రభుత్వమే యజమానిగా ఒక బ్యాంకు, ఆ తర్వాత ఒక పిండిమిల్లు వచ్చాయి. నూరేళ్లు దాటినా రెండూ ప్రభుత్వం చేతిలోనే నడుస్తున్నాయి. ఆ రాష్ట్రం ఇప్పటికీ రిపబ్లికన్లకే ఓటేస్తుంది, అయినా ఆ బ్యాంకును మాత్రం పోనివ్వలేదు.

టౌన్లీ పద్ధతి చూడండి. ప్రచారకుడు ఫోర్డు కారులో ఊరికి పోయేవాడు, కానీ ఒంటరిగా ఏ ఇంటికీ పోయేవాడు కాదు. ఆ చుట్టుపక్కల నలుగురూ నమ్మే రైతును పక్కన కూర్చోబెట్టుకుని పోయేవాడు. చెప్పేది ఐదే కోరికలు: ధాన్యం గోదాములు, పిండిమిల్లులు ప్రభుత్వానివి కావాలి, ధాన్యం నాణ్యత తేల్చే పని ప్రభుత్వం చేయాలి, పొలంలో కట్టుకున్న కట్టడాల మీద పన్ను ఉండకూడదు, వడగళ్ల బీమా కావాలి, లాభాపేక్ష లేని అప్పు కావాలి. ఐదూ రైతు చేతికి తగిలే సంగతులే. ఆ తర్వాత డబ్బు అడిగేవాడు. సభ్యత్వం తొలి రోజుల్లోనే 6 డాలర్లకు చేరింది, తర్వాత 9, ఆపైన రెండేళ్లకు 16. ఆ రోజుల్లో రైతుకు అది తక్కువ మొత్తం కాదు. చలికాలంలో చేతిలో చిల్లిగవ్వ ఉండదు కాబట్టి పంట అమ్మాక చెల్లేలా ముందు తేదీ వేసిన చెక్కు తీసుకునేవాడు. డబ్బిచ్చినవాడు ఆ డబ్బు ఏమైందో చూడ్డానికైనా మీటింగుకు వస్తాడు. ఉచితంగా చేరినవాడు ఉచితంగానే వెళ్లిపోతాడు. పార్టీ మారమని కూడా లీగ్ ఎవరినీ అడగలేదు. రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే లోపలి ఎన్నికల్లోనే తన మనుషుల్ని నిలబెట్టి గెలిపించుకుంది.

మరి ఎందుకు పడిపోయింది? 1921లో ఓటర్లే ఫ్రేజియర్‌ను మధ్యలో దించేశారు. గోధుమ ధర కూలింది, కొత్త బ్యాంకు బాండ్లను పెద్ద బ్యాంకులు కొనలేదు, సొంత మనుషులే చీలిపోయారు. వీటన్నిటి కిందా ఇంకో లోపం ఉంది. డబ్బు వేలమంది రైతులది, పెత్తనం మాత్రం టౌన్లీ, అతని చుట్టూ ఉన్న కొద్దిమందిది. చందా కట్టించారు గానీ పుస్తకం రైతు చేతికివ్వలేదు.

ఇక మన వైపు లెక్క. బెంగళూరు నుంచి ఎన్‌హెచ్ 44 మీద దేవనహళ్లి, చిక్కబళ్లాపురం దాటి నూరు కిలోమీటర్లు పోతే బాగేపల్లి. కర్ణాటకలోనే ఉన్నా ఇళ్లలో తెలుగు. వంద ఇళ్ల ఊరనుకుందాం. ఇంటికి నెలకు 20 రూపాయలు పెట్టండి. అరవై ఇళ్లు కడితే నెలకు 1,200. తాలూకా ఆఫీసుకు ఇద్దరు మనుషులు మూడు నాలుగుసార్లు పోయి రావడానికి, జెరాక్సులకు, పోస్టల్ ఆర్డర్లకు, మీటింగు రోజు టీకి సరిపోతుంది. నూరు రూపాయలు పెడితే కూలి ఇళ్లు రెండో నెలకే ఆగిపోతాయి. అప్పుడు ఉన్నవాడొకడు లేచి, వాళ్లది నేను కడతానంటాడు. ఆ రోజుతో సంఘం అతనిది.

ఒక్కొక్కరికి 15 ఇళ్లు మించి అప్పగించకూడదు. ఒక సాయంత్రం తిరిగితే అయిపోవాలి. ఎప్పుడు తిరగాలన్నది కూడా ముఖ్యమే. ఈ ప్రాంతంలో చాలా ఊళ్లలో పాల డైరీ ఉంది. పొద్దునా సాయంత్రం క్యాను పట్టుకుని అందరూ అక్కడికే వస్తారు, ఫ్యాటు ఎంత వచ్చిందని మిషను వైపే చూస్తారు, పుస్తకంలో రాసింది సరిపోయిందో లేదో అక్కడికక్కడే అడుగుతారు. చదువు రాని ఆడమనిషి కూడా తన పాల పుస్తకంలో తేడా వస్తే పట్టేస్తుంది. లెక్క అడిగే అలవాటు ఊళ్లో ముందే ఉందన్నమాట. పాల డబ్బుల బట్వాడా అయిన మర్నాడు చందాకు పోవాలి. ఆవు లేని కూలి ఇళ్లకు వారం కూలి చేతికొచ్చిన రాత్రి పోవాలి. టౌన్లీ ముందు తేదీ చెక్కు చేసిన పనే ఇది చేస్తుంది.

రసీదు పుస్తకానికి వరుస నంబర్లు అచ్చేసి ఉండాలి, కార్బన్ పేపరు పెట్టి రాయాలి, రెండో ప్రతి పుస్తకంలోనే ఉండాలి. ఇంటి యజమాని పేరు ఒక్కటే రాస్తే ఆ ఇంటి ఆడమనిషి సభ్యురాలు కాకుండా పోతుంది. ఇద్దరి పేర్లూ రాయండి, ఓటు కూడా ఇద్దరికీ వేరువేరుగా ఇవ్వండి. పుస్తకం ఒకరి దగ్గర, డబ్బు ఇద్దరు సంతకం పెడితే గానీ రాని ఖాతాలో, లెక్కల రిజిస్టరు మూడో మనిషి దగ్గర ఉండాలి. వసూలైన డబ్బు రెండు రోజుల్లో ఖాతాలో పడాలి. ఎక్కువ చోట్ల సంఘం విరిగేది ఇక్కడే. దొంగతనం వల్ల విరగదు. ఇంట్లో బిడ్డకు జ్వరమొచ్చి చందా డబ్బు ఆసుపత్రికి పెట్టేసి, తిరిగి కట్టలేక, మొహం చూపించలేక మీటింగుకు రావడం మానేసిన మనిషితో విరుగుతుంది. అతన్ని నలుగురిలో నిలదీస్తే అతని పదిహేను ఇళ్లూ పోతాయి. రెండు రోజుల నియమం అతన్ని అవమానం నుంచి కాపాడ్డానికి. మొదటి నెల నుంచే అందరికీ ఒకటే నియమంగా పెట్టండి.

ఇప్పుడు కులం మాట. దీని మీద నగరంలో రెండు వాదాలు వింటుంటాం. మొదటి రోజే దేవుడి మీదా మూఢనమ్మకాల మీదా మాట్లాడాలని ఒకటి. సంఘం బలపడేదాకా కులం ఊసే ఎత్తకూడదని ఇంకొకటి. రెండూ నష్టమే చేస్తాయి. దేవుడి జోలికి పోవాల్సిన పని లేదు. ఊరి జాతరలో బోనం ఎత్తిన అక్క చేతిలోనే చందా పుస్తకం ఉండొచ్చు. కులం సంగతి మాత్రం మొదటి మీటింగు ఎక్కడ పెట్టారు అన్నదానితోనే తేలిపోతుంది. రెడ్డిగారి వసారాలో పెడితే దళితుల కాలనీవాళ్లు వాకిట్లో నిలబడి వింటారు. గుడి అరుగు మీద పెడితే అసలే రారు. బడి ఆవరణలో, డైరీ ముందర పెట్టండి, ఇంకా మేలు కాలనీలో పెట్టండి. కాలనీ ఇంట్లో కాచిన టీ అందరూ తాగాలి. పేపరు గ్లాసుల్లో పోసి ఆ ఇబ్బందిని దాటేస్తుంటారు, అది వద్దు. ఆ ఇంటి స్టీలు గ్లాసుల్లోనే తాగాలి. తాగనివాళ్లు ఎవరో మొదటి రోజే తెలిసిపోవడం మంచిది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పాలంటే, ఇదే నేల మీద, చింతామణి తాలూకా కంబాలపల్లిలో 2000 మార్చి 11న ఏడుగురు దళితుల్ని ఇంట్లో పెట్టి తగలబెట్టారు. సాక్షులు ఎదురు తిరిగారు. 2006లో కింది కోర్టు నిందితుల్ని విడిచిపెట్టింది, 2014లో హైకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. సాక్షి ఎందుకు ఎదురు తిరుగుతాడు? తెల్లారితే పనికి పోవాల్సింది అవతలివాళ్ల పొలానికే. కోర్టు వాయిదా రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ చేతి నుంచి పడుతుంది, తోడు వచ్చే మనిషి ఉండడు, ఇలా ఆరేళ్లు. ఎస్సీ, ఎస్టీల మీద దౌర్జన్యాలను ఆపే అట్రాసిటీ చట్టానికి 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో 15ఎ సెక్షన్ ఉంది. సాక్షికి రక్షణ, ప్రయాణ ఖర్చు, విచారణ కాలంలో పోషణ ఖర్చు అడిగే హక్కు దానివల్ల వచ్చింది. అడగాలంటే అర్జీ కావాలి, ఆ డబ్బు చేతికొచ్చేదాకా గడవడానికి సంఘం నిధి కావాలి. చందాలో ప్రతి నెలా నాలుగో వంతు కోర్టు ఖర్చుకని విడిగా తీసిపెట్టని సంఘం, గొడవ వచ్చిన రోజు తన మనుషుల్ని ఒంటరిగా వదిలేసినట్టే.

సంఘానికి మొదటి పని ఏది ఎత్తుకోవాలి? కాగితంతో గెలవగలిగేది, కనీసం ఇరవై ఇళ్లకు తగిలేది. ఈ ప్రాంతంలో బగర్ హుకుం భూములు అలాంటివి. ప్రభుత్వ భూమిని ఏళ్ల తరబడి దున్నుకుంటున్నవాళ్లు సక్రమం చేయమని పెట్టుకున్న అర్జీలు ఇవి: ముందు ఫారం 50, తర్వాత 53, ఆ తర్వాత 57. మొదటి రెండింటికీ 1990 ఏప్రిల్ 14కు ముందు నుంచి సాగులో ఉండాలి, 57కైతే 2005 జనవరి 1కి ముందు నుంచి. పట్టణ హద్దులకు దగ్గరగా ఉన్న భూమికి ఇవి వర్తించవు. ఇప్పుడు సాగు ఉందో లేదో ఉపగ్రహ చిత్రాలు చూసి కూడా తేలుస్తున్నారు, కాబట్టి బీడు పెట్టిన భూమికి అర్జీ నిలవదు.

ఈ అర్జీలతో పాటు జతచేసే కాగితాల్లో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అక్రమంగా సాగు చేస్తున్నావని అప్పట్లో రెవెన్యూవాళ్లు జరిమానా వేసేవాళ్లు. దాన్ని టీటీ అనేవాళ్లు. ఆ జరిమానా కట్టినందుకు ఇచ్చిన చిన్న రసీదు, పసుపెక్కి మడతల దగ్గర చిరిగిపోయి ట్రంకు పెట్టె అడుగున పడి ఉంటుంది. తాతకు శిక్షగా వచ్చిన ఆ ముక్కే, ఫలానా ఏడాది ఫలానా సర్వే నంబరులో అతను దున్నుతున్నాడనడానికి ఇవాళ మనవడికి దొరికే గట్టి సాక్ష్యాల్లో ఒకటి. దాన్ని లామినేషన్ చేయించొద్దు, చాలామంది ప్రేమతో అదే చేసి సిరా మాసిపోయేలా చేసుకుంటున్నారు. రెండు వైపులా రంగుల్లో ఫొటో తీసి, జెరాక్సు తీసి, అసలును ప్లాస్టిక్ కవరులో వదులుగా పెట్టాలి. అర్జీ ఇచ్చిన ప్రతిసారీ రెండో ప్రతి మీద తేదీతో సీలు వేయించుకోకుండా ఆఫీసు మెట్లు దిగకూడదు. సీలు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

ఫైలు కదలకపోతే సమాచార హక్కు. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు, జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. కర్ణాటక నిబంధనల్లో ఒక మెలిక ఉంది. అర్జీ ఒకే విషయం మీద ఉండాలి, 150 మాటలు దాటకూడదు. నగరం నుంచి వచ్చిన చదువుకున్నవాళ్లు మూడు పేజీలు రాసి, పది ప్రశ్నలు కలిపి తిప్పికొట్టించుకునేది ఇక్కడే. నా ఫారం 57 అర్జీ, ఫలానా తేదీది, ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉంది, దాని మీద ఏమి రాశారో నకలు ఇవ్వండి. ఇంతే చాలు.

ఫారాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. దేవరాజ్ అరసు ప్రభుత్వం 1974లో కౌలుదారీని రద్దు చేసినప్పుడు కౌలు రైతు భూమి తనదని చెప్పుకోవడానికి పెట్టిన అర్జీ పేరు ఫారం 7. చివరి గడువు 1979 జూన్ 30. ఆ కాగితం పెట్టినవాడికి భూమి దక్కే దారి ఉండింది, భయపడి పెట్టనివాడికి అప్పట్లో లేదు. ఇవాళ ఓటర్ల జాబితాలో పేరు తీసేయించడానికి పెట్టే అర్జీ కూడా ఫారం 7 అనే పేరుతోనే ఉంది. బెంగళూరుకు కూలి పని కోసం వచ్చినవాళ్ల పేర్ల మీద, ఊళ్లో లేరని ఇది పడుతుంది. కర్ణాటక పంచాయతీలో 400 మంది జనాభాకు ఒక సభ్యుడు. ఓటర్లు అంతకంటే తక్కువ. అలాంటి చోట పదిహేను మంది మేస్త్రీల పేర్లు పోతే ఫలితమే తారుమారు. ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు. ప్రతిసారీ జాబితా తెచ్చి, చందా పుస్తకంలోని పేర్లతో ఇంటింటికీ సరిచూడాలి. కొత్తవాళ్లకు ఫారం 6, తప్పులకు ఫారం 8.

పోలింగు రోజు ఇంకో ప్రమాదం. ఊరికి పోవడానికి వ్యాను ఎవరు పెట్టారో ఓటు వాళ్లదే అవుతోంది. సంఘం కూడా పోటీగా వ్యాను పెడితే చిక్కు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అభ్యర్థి తరఫున వాహనం మాట్లాడి ఓటర్లను ఉచితంగా పోలింగు కేంద్రానికి చేర్చడం అవినీతి కిందికే వస్తుంది. సొంత డబ్బుతో టికెట్టు కొని బస్సెక్కిన ఓటరుకు ఏ చిక్కూ లేదు. అదే చట్టంలోని 135బి కింద అసెంబ్లీ, లోక్‌సభ ఓటు రోజున పనివాడికి జీతంతో సెలవు ఉంది. కాంట్రాక్టరుకు ఆ సెక్షన్ నంబరు రాసిన కాగితం ముందు వారమే ఇవ్వాలి. ఇది బెంగళూరులో ఉన్న మన సాఫ్ట్‌వేర్ పిల్లలు చేయగల పని, లేబర్ షెడ్డు ముందు నిలబడి చేయాల్సిన పని.

దగ్గర్లోనే ఒక గెలుపు చూశాం. దేవనహళ్లి తాలూకా చెన్నరాయపట్టణ హోబళిలో (తాలూకాలో ఒక భాగం) 13 ఊళ్ల 1,777 ఎకరాలు పారిశ్రామిక వాడకు తీసుకోబోతే రైతులు 2022 ఏప్రిల్‌లో కూర్చున్నారు. 1,198 రోజులు. 2025 జులై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ ప్రయత్నం మానుకుంటున్నట్టు ప్రకటించారు. చివరి వారాల్లో బెంగళూరు సంఘాలు, రచయితలు, ప్రకాశ్‌రాజ్ వంటి నటులు వచ్చి నిలబడ్డారు, పేపర్లలో ఆ ఫొటోలే వచ్చాయి. వాళ్లు రావడం అవసరమే. కానీ వాళ్లొచ్చేసరికి అక్కడ నిలబడి ఉన్న మనుషులు ఉండాలి కదా. వెయ్యి రోజులు పొలం పనులు, పాలు, పెళ్లిళ్లు, చావులు చూసుకుంటూ శిబిరం ఖాళీ కాకుండా ఉంచడంలోనే అసలు నేర్పు ఉంది. నగరం నుంచి పోయినవాళ్లు నేర్చుకోవాల్సింది అది.

దూబగుంట గుర్తుంది కదా. 1992లో నెల్లూరు జిల్లాలో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. పూజలూ వ్రతాలూ మానని ఆడవాళ్లే. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో అది ఎత్తేశారు. గెలిచిన చట్టాన్ని కాపాడుకోవడానికి ఊరూరా సొంత నిధితో, సభ్యత్వంతో నడిచే సంఘం ఆ అక్కలకు మిగిలి ఉంటే ప్రభుత్వానికి అంత సులువయ్యేది కాదని మా నమ్మకం. బాగేపల్లి కూడా ఇదే చెబుతుంది. సీపీఎం తరఫున జి.వి. శ్రీరామరెడ్డి 1994లో, 2004లో ఇక్కడ గెలిచారు. కర్ణాటక అంతటా ఆ పార్టీకి చోటు దొరకని రోజుల్లో ఈ తెలుగు పల్లెలు ఎర్రజెండాను అసెంబ్లీకి పంపాయి. ఆ తర్వాత మళ్లీ పంపలేదు. ఈ నేల సనాతనమైనది, ఇక్కడేమీ పండదు అనేవాళ్లు ఆ రెండు ఏళ్లనూ గుర్తుపెట్టుకోవాలి. ఎన్నికలొక్కటే చాలనుకునేవాళ్లు ఆ తర్వాతి ఏళ్లన్నిటినీ గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి వచ్చే శనివారం బస్సెక్కేవాళ్లు మైకు తీసుకుపోవద్దు. నంబర్లు వేసిన రసీదు పుస్తకాలు రెండు, కార్బన్ పేపర్లు, స్టాంపు ప్యాడు, ఊరి ఓటర్ల జాబితా ప్రింటు, పది పోస్టల్ ఆర్డర్లు, ప్లాస్టిక్ కవర్లు. దిగగానే డైరీ దగ్గరికి పోండి, పాలు పోసే వేళకు. అక్కడ ఎవరి పుస్తకంలో తేడా వచ్చినా ముందుగా నోరెత్తి అడిగే అక్క ఎవరో ఒక వారం చూడండి. ఆమె ఇల్లు కాలనీలో ఉంటే ఇంకా వెతకాల్సిన పని లేదు. రసీదు పుస్తకం ఆమెకివ్వండి, ఒకటో నంబరు రసీదు ఆమె పేరు మీదే, ఆమె ఇరవై రూపాయలకే రాయించండి.